గేర్ ఆయిల్ మార్చడానికి ఏ పానా కావాలి? జవాబు బోల్టు తలలోనే ఉంది

మొన్న ఒక ఆదివారం మధ్యాహ్నం మా బావ ఫోన్ చేశాడు. "కింది బోల్టు తీసి పాత ఆయిల్ మొత్తం దించేశాను. కొత్తది పోద్దామంటే పై బోల్టు ఊడట్లేదు. గోటీ (సాకెట్) వేస్తే జారిపోతోంది" అన్నాడు. మియాపూర్‌లో వాళ్ల అపార్ట్‌మెంట్ సెల్లార్. కారు ముందు చక్రాలు రెండూ స్టాండ్ల మీద గాల్లో ఉన్నాయి. గేర్ బాక్సు ఖాళీ. మెకానిక్ దగ్గరికి నడుపుకుంటూ పోదామంటే లోపల పళ్లు ఒకదాన్నొకటి తినేస్తాయి. పక్కన నేల మీద కొత్త టూల్స్ మెరుస్తూ పరిచి ఉన్నాయి. వీడియోలో చెప్పినవన్నీ కొన్నాడు, ఒక్కటీ వదల్లేదు. కాకపోతే ఆ వీడియో ఆయన కారుది కాదు.

ఈ మధ్య ఇలాంటి ఫోన్లు ఎక్కువయ్యాయి. ఇంజిన్ ఆయిల్ సొంతంగా మార్చుకోవడం అలవాటైనవాళ్లు గేర్ ఆయిల్ కూడా ఆ బాపతే అనుకుని దిగుతున్నారు. వెతికితే పది టూల్స్ ఉన్న లిస్టు దొరుకుతుంది. ఇంకొకరి లిస్టులో వేరే పది. అన్నీ కరెక్టే, ఎవరి కారుకు వాళ్లవి. అసలు ఈ పనికి టూల్‌ని నిర్ణయించేవి ఏమిటో తెలిస్తే ఏ లిస్టులో ఏది మనకు పనికొస్తుందో మనమే చెప్పగలం.

ముందు పేర్ల గందరగోళం

మనం గేర్ ఆయిల్ అని ఒకే మాటతో పిలిచేది నిజానికి మూడు నాలుగు వేర్వేరు ద్రవాలు. క్లచ్ తొక్కి, చేత్తో గేర్ మార్చే కారులో గేర్ బాక్సుకు విడిగా ఆయిల్ ఉంటుంది. ఇక్కడ మాట్లాడుతున్నది దాని గురించే. చిన్న కార్లలో అది సుమారు రెండు లీటర్లు.

ముందు చక్రాలతో నడిచే కారులో గేర్ బాక్సు, రెండు చక్రాలకూ బలం పంచే డిఫరెన్షియల్ ఒకే పెట్టెలో ఉంటాయి, రెండిటికీ ఒకే ఆయిల్. వెనక చక్రాలతో నడిచే జీపులు, పికప్‌లలో డిఫరెన్షియల్ వెనక ఇరుసు మీద విడిగా ఉంటుంది. దాని ఆయిల్ వేరు, దాని బోల్టులు వేరు. నాలుగు చక్రాల డ్రైవ్ ఉంటే మధ్యలో ఇంకో పెట్టె కూడా. మోటార్ సైకిళ్లలో చాలావాటికి గేర్లు, క్లచ్ అన్నీ ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి కాబట్టి విడి గేర్ ఆయిల్ ఉండదు. గేర్లే లేని స్కూటర్‌లో మాత్రం వెనక చక్రం దగ్గర కొంచెం గేర్ ఆయిల్ ఉంటుంది, చాలామందికి ఆ సంగతే తెలియదు.

ఏఎంటీ కార్లతో ఇంకో తికమక. క్లచ్ పెడల్ లేదు కాబట్టి ఆటోమేటిక్ అంటాం. కానీ లోపల ఉన్నది మామూలు మాన్యువల్ గేర్ బాక్సే. మన చేయి, కాలు చేసే పనిని ఒక యంత్రం చేస్తుంది, అంతే. అందుకని దాని గేర్ బాక్సుకు మాన్యువల్ ఆయిలే. సీవీటీ, మామూలు ఆటోమేటిక్ పూర్తిగా వేరే కథ, వాటి జోలికి ఇక్కడ పోవడం లేదు.

ఒక బోల్టు దించడానికి, ఒకటి నింపడానికి, కొలబద్ద కూడా అదే

ఇంజిన్‌లో ఆయిల్ ఎంతుందో చూడటానికి పుల్ల ఉంటుంది. పోయడానికి పైన మూత ఉంటుంది. మాన్యువల్ గేర్ బాక్సుల్లో చాలావాటికి ఈ రెండూ ఉండవు. అడుగున ఒక బోల్టు, అది డ్రెయిన్. పక్క గోడకు ఒక బోల్టు, అది ఫిల్. పక్క బోల్టు తీసి ఆయిల్ ఎక్కిస్తూ పోతే, నిండాక ఆ రంధ్రం కింది అంచు మీదుగా పొర్లి కారుతుంది. ధార సన్నబడి చుక్కలయ్యాక బోల్టు పెట్టేస్తే మట్టం సరిపోయినట్టు. అంటే పోసే దారీ, కొలిచే పుల్లా ఒకే రంధ్రం.

మా బావ కష్టం ఇక్కడే పుట్టింది. డ్రెయిన్ బోల్టు ఊడింది. ఫిల్ బోల్టు ఊడలేదు. ఆయిల్ మార్చే రోజు తప్ప దాన్ని ఎవరూ ముట్టరు. ఐదారేళ్లు బురద, వాన నీళ్లు తింటూ అల్యూమినియం గోడలో ఇనుప బోల్టు పట్టేసుకుని ఉంటుంది. కిందిది తీయకముందే పైది ఊడుతుందో లేదో చూసుకోవాలని అనుభవమున్న మెకానిక్‌లు అనేది అందుకే. పైది ఊడకపోతే పాత ఆయిల్ లోపలే ఉంటుంది, కారు నడుస్తుంది, సోమవారం ఎవరికైనా చూపించుకోవచ్చు.

కొన్ని కార్లలో పక్క రంధ్రం చేతికి అందదు. అలాంటి వాటిలో పైనున్న రివర్స్ లైట్ స్విచ్ విప్పి ఆ రంధ్రంలోంచి పోస్తారు. అప్పుడు పొర్లడం అనే కొలత ఉండదు. కాబట్టి కొలిచి పోసిన పరిమాణమే దిక్కు, గీతలున్న కొలపాత్ర అక్కడ ముఖ్యమైన టూల్ అవుతుంది.

బోల్టు తల: అసలు విషయం ఇక్కడుంది

ఇంజిన్ ఆయిల్ బోల్టులు చాలావరకు మామూలు ఆరు పలకల తలలే. గేర్ బాక్సు దగ్గరికి వచ్చేసరికి కంపెనీలకు ఎక్కడలేని సృజనాత్మకత వస్తుంది.

హోండా మాన్యువల్ గేర్ బాక్సుల్లో సాధారణంగా కింది బోల్టుకు పలకల తల ఉండదు. మధ్యలో చదరపు గుంట ఉంటుంది. అందులోకి మూడెనిమిదో వంతు అంగుళం రాచెట్ (గోటీని తిప్పే పిడి) మొన నేరుగా దిగుతుంది. మెకానిక్‌లు త్రీ బై ఎయిట్ అనే సైజు అదే, అంటే సుమారు 9.5 మిల్లీమీటర్లు. గోటీ ఏదీ అక్కర్లేదు. పై బోల్టు మాత్రం 17 మిల్లీమీటర్ల ఆరు పలకల తల. ఒకే పెట్టెకు రెండు బోల్టులు, రెండూ వేర్వేరు రకాలు.

రెనో కార్లలో చాలావాటికి 8 మిల్లీమీటర్ల చదరపు గుంట. ఇది చూడ్డానికి హోండాదిలాగే ఉంటుంది, అందుకే మోసపోతారు. త్రీ బై ఎయిట్ మొన దూరదు, పావు అంగుళం మొన 6.35 మిల్లీమీటర్లే కాబట్టి వదులై లోపలే తిరుగుతుంది. దానికంటూ 8 మిల్లీమీటర్ల చదరపు కీ ఉండాల్సిందే. చదరపు కడ్డీని ఆకురాయితో రాకి 8కి తెచ్చుకున్న మెకానిక్‌నీ చూశాను. అతని కడ్డీ కొన్న కీ కంటే బాగా కూర్చుంది, అది వేరే సంగతి.

పాత ఫోక్స్‌వ్యాగన్ గేర్ బాక్సులకు 17 మిల్లీమీటర్ల అలెన్ కీ కావాలి. మామూలు అలెన్ సెట్టు 10 దగ్గరే ఆగిపోతుంది. అదే కంపెనీ తర్వాతి బాక్సులు కొన్నింటికి 16 సైజులో పన్నెండు పళ్ల నక్షత్రం. సుబారు కొత్త మాన్యువల్ బాక్సులకు కిందిది ఆరు రేకుల టార్క్స్, టీ70 సైజు. టొయోటా వాహనాలు కొన్నింటికి 24 మిల్లీమీటర్ల ఆరు పలకలు. మామూలు గోటీ సెట్టులో 24 ఉండొచ్చు, ఉండకపోవచ్చు.

కంపెనీ పేరు చూసి టూల్ కొనడమూ పూర్తిగా నమ్మదగిన పని కాదు. ఒకే కారు పెట్రోల్‌కీ డీజిల్‌కీ గేర్ బాక్సులు వేరు కావచ్చు. కింద పడుకుని టార్చి వేసి, ఫోన్‌తో బోల్టు తల ఫొటో తీసుకోవడమే అన్నిటికంటే గట్టి ఆధారం.

ఇక కొలత సరిపోయిందనుకున్నాక కూడా ఒక మెలిక ఉంది. గోటీల్లో రెండు రకాలు, లోపల ఆరు మూలలు ఉన్నవి, పన్నెండు మూలలు ఉన్నవి. పన్నెండువి ఇరుకు చోట్ల సులువుగా కూర్చుంటాయి, సెట్టుల్లో తరచూ వస్తుంటాయి. కానీ వాటి పట్టు బోల్టు మూలల దగ్గరే పడుతుంది. ఆరు మూలల గోటీ మూల నుంచి కాస్త లోపలికి, పలక మీద ఆనుతుంది. కొత్త బోల్టు మీద ఈ తేడా తెలియదు. తుప్పుపట్టి, మూలలు కొద్దిగా అరిగిన బోల్టు మీద తెలుస్తుంది. ఆరు మూలలది ఊడదీస్తుంది, పన్నెండు మూలలది తలని గుండ్రం చేసేస్తుంది. మా బావ చేతిలో ఉన్నది పన్నెండు మూలలది.

ఇంకోటి, అంగుళాల గోటీ. 17 మిల్లీమీటర్ల బోల్టు మీద పదకొండు బై పదహారు అంగుళాల గోటీ చక్కగా ఎక్కుతుంది. ఎక్కింది కదా అని తిప్పుతారు. దాని కొలత 17.46 మిల్లీమీటర్లు. అర మిల్లీమీటరు సందు కంటికి ఏమీ కాదు, గట్టిగా పట్టేసిన బోల్టుకి చాలు. అదే 24 విషయంలో పదిహేను బై పదహారు అంగుళాలది 23.8 అవుతుంది, మామూలుగా ఎక్కదు, కాబట్టి ప్రమాదం తక్కువ. అడ్జస్టబుల్ స్పానర్, పైప్ రెంచ్ గురించి చెప్పనక్కర్లేదు. బోల్టు పాడయ్యాక మాత్రమే వాటితో పని.

చోటు సంగతి కూడా ఉంది. ఫిల్ బోల్టు ముందు ఇరుసు కడ్డీయో, చాసిస్ అడ్డమో ఉంటే లోతైన గోటీ, దాని వెనక రాచెట్ రెండూ పట్టవు. అక్కడ రింగ్ స్పానరే మిగిలే దారి. గోటీ మేలా, రింగ్ మేలా అని మెకానిక్‌లు వాదించుకుంటారు. చోటున్న దగ్గర గోటీ, లేని దగ్గర రింగ్ అని తేలిపోయే వాదన అది.

ఊడదీసే బలం, బిగించే బలం

ఈ రెండింటికీ ఒకే టూల్ అనుకోవడం మామూలుగా జరిగే పొరపాటు. ఊడదీయడానికి పొడవైన కడ్డీ కావాలి. బ్రేకర్ బార్ అంటారు, లోపల పళ్లు ఏమీ ఉండవు కాబట్టి అంత తేలిగ్గా పాడవదు. రాచెట్ లోపల చిన్న పళ్లుంటాయి, దానికి పైపు తొడిగి నొక్కితే అవి పోతాయి.

బిగించడంలో లెక్క మారుతుంది. హోండా బాక్సుల్లో చాలావాటికి సర్వీస్ మాన్యువల్ ఇచ్చే బిగింపు కింది బోల్టుకు 39, పై బోల్టుకు 44 న్యూటన్ మీటర్లు. ఈ అంకె చేతికి ఎలా తెలుస్తుంది? 25 సెంటీమీటర్ల రాచెట్ పిడి చివర పట్టుకున్నారనుకోండి. 39ని 0.25తో భాగిస్తే 156 న్యూటన్లు. కిలోల్లో చెప్పాలంటే సుమారు 16 కిలోల బరువు ఎత్తేటంత బలం. పెద్దగా ఏమీ కాదు, ఒక చేత్తో అయిపోతుంది.

ఇప్పుడు అదే బలంతో 60 సెంటీమీటర్ల బార్ లాగారనుకోండి. 156ని 0.6తో గుణిస్తే దాదాపు 94 న్యూటన్ మీటర్లు. చక్రం నట్టుకు బిగించేటంత బిగింపు, అల్యూమినియం గోడలోని మరల మీద పడుతుంది. చేతికి మాత్రం తేడా తెలియదు, ఎందుకంటే చేయి పెట్టిన బలం ఒకటే. మరలు తెగితే బోల్టు మారిస్తే సరిపోదు, గోడలో కొత్త మరలు కోయించి గొట్టం వేయించాలి. ఊడదీసిన బార్‌తోనే బిగించొద్దు అనే మాట వెనక ఉన్న లెక్క ఇది.

మరి, పెట్టిన అంకె దాకా బిగిసిందని చెప్పే టార్క్ రెంచ్ తప్పనిసరా? ఇక్కడ రెండు వాదాలున్నాయి, రెండిటిలోనూ పస ఉంది. ముప్పై ఏళ్లుగా బోల్టులు తిప్పుతున్న మెకానిక్ చేయే టార్క్ రెంచ్. వాషర్ నలిగి పట్టుకునే క్షణం అతని మణికట్టుకు తెలుస్తుంది. రోడ్ల మీద తిరుగుతున్న కార్లలో ఎన్నో ఆ చేతులతో బిగించినవే. అవతలి వాదం ఏమంటే, ఆ మణికట్టు మనకు లేదు. రెండు మూడేళ్లకోసారి ఈ పని చేసేవాడికి చేతి అంచనా ఎప్పటికీ రాదు. నాకు రెండోదే సబబుగా కనిపిస్తుంది, అదీ అల్యూమినియం దగ్గర.

అయితే టార్క్ రెంచ్ కొన్నవాళ్లు కూడా ఒక చోట దెబ్బ తింటారు. చక్రాల నట్ల కోసం కొనే అరంగుళం రెంచ్‌లు చాలావాటి కొలత 40 న్యూటన్ మీటర్ల దగ్గర మొదలై 200 దాకా పోతుంది. మన బోల్టు 39. అసలు స్కేలు మీదే లేదు. ఉన్నా, కొలత మరీ కింది చివరన ఈ రెంచ్‌లను అంతగా నమ్మలేం. ఈ పనికి 10 నుంచి 60, లేదా 20 నుంచి 100 వరకు ఉన్న త్రీ బై ఎయిట్ రెంచ్ నప్పుతుంది. టక్‌మనే రకం మంచి రెంచ్ తప్పు అటూ ఇటూ 4 శాతం లోపు ఉంటుంది, అంటే 39కి ఒకటిన్నర. అది పట్టించుకోనక్కర్లేదు. టార్క్ రెంచ్‌తో బోల్టు ఊడదీస్తే మాత్రం ఆ 4 శాతం మీద ఆశ వదులుకోవచ్చు.

వాషర్‌ని టూల్స్ లిస్టులో ఎవరూ రాయరు. రాయాలి. రాగి లేదా అల్యూమినియం వాషర్ ఒకసారి నలిగి, బోల్టుకీ గోడకీ మధ్య సందు మూసేస్తుంది. రెండోసారి అది నలగదు. కారుతోందని ఇంకా బిగిస్తారు, బిగిస్తే మరలు పోతాయి. హోండా బాక్సులో కిందిది 18, పైది 20 మిల్లీమీటర్ల వాషర్. ఇంజిన్ ఆయిల్ బోల్టుది 14. షాపులో వాషర్ ఇవ్వమని ఊరికే అడిగితే వాళ్ల చేతికి ముందు వచ్చేది ఆ 14దే. కొన్ని బాక్సుల్లో వాషరే ఉండదు, బోల్టు మొన వైపు సన్నబడి మరలతోనే బిగుసుకుంటుంది. వాటిని ఎక్కువ బిగిస్తే గోడే పగిలే ప్రమాదముంది.

కింద నుంచి పైకి ఆయిల్ ఎక్కించడం

ఆయిల్ డబ్బా తలకిందులు చేసి పోయడానికి ఆ రంధ్రం దగ్గర చోటుండదు. అందుకని మూడు పద్ధతులు వాడుకలో ఉన్నాయి. పెద్ద సిరంజిలా లాగి నొక్కేది ఒకటి, డబ్బా మూతి మీద బిగించి నొక్కే పంపు ఒకటి, బానెట్ తెరిచి పై నుంచి గొట్టం దించి గరాటుతో పోయడం ఇంకొకటి.

గొట్టం, గరాటు అన్నిటికంటే చౌక. అన్నిటికంటే విసుగు పుట్టించేదీ అదేనని చాలామంది ఫిర్యాదు. నిజానికి తప్పు పద్ధతిది కాదు, గొట్టం లావుది. చిక్కటి ద్రవం గొట్టంలో పారే వేగం గొట్టం వ్యాసం నాలుగో ఘాతాన్ని బట్టి ఉంటుంది. లావు రెట్టింపైతే ధార పదహారు రెట్లు.

ఒక లెక్క వేద్దాం. 75డబ్ల్యూ-90 అనే చిక్కదనం గుర్తున్న గేర్ ఆయిల్, మన ఊళ్లో 30 డిగ్రీల వేడి, నిలువుగా వేలాడే గొట్టం, పోయాల్సింది రెండు లీటర్లు. గొట్టం లోపలి వ్యాసం 8 మిల్లీమీటర్లు అయితే సుమారు ఐదు నిమిషాల్లో దిగిపోతుంది. 5 మిల్లీమీటర్లదైతే అదే ఆయిల్‌కి అరగంట. గొట్టాలు పక్కపక్కన పెట్టి చూస్తే పెద్ద తేడా అనిపించదు. చేపల తొట్టి షాపులో దొరికే సన్న గాలి గొట్టం కొనుక్కొచ్చినవాళ్లు గంటసేపు గరాటు పట్టుకుని నిలబడేది ఇందుకే. డిసెంబర్ తెల్లవారుజామున ఆదిలాబాద్‌లో అయితే ఇంకా సేపు, ఆయిల్ చల్లబడితే చిక్కబడుతుంది కదా. డబ్బాని కాసేపు ఎండలో పెట్టడం పనికొచ్చే చిట్కాయే. గొట్టం మరీ లావైనా కుదరదు, రంధ్రంలో దూరి, పక్కన గాలి బయటికి రావడానికి సందు మిగలాలి.

పంపు కొనేవాళ్లకు ఒకటే చిక్కు, దాని మూత అన్ని డబ్బాల మూతికీ పట్టదు. సిరంజి రకానికి ఆ బాధ లేదు కానీ అర లీటరు చొప్పున నాలుగుసార్లు లాగాలి, మోచేతి దాకా ఆయిల్ అవుతుంది.

ఆ సిరంజితోనే పాత ఆయిల్ కూడా ఫిల్ రంధ్రంలోంచి లాగేస్తే డ్రెయిన్ బోల్టు జోలికే పోనక్కర్లేదు కదా అనే వాదన ఒకటుంది. డ్రెయిన్ బోల్టు లేని పెట్టెలకు అదొక్కటే దారి. ఉన్నవాటిలో మాత్రం అడుగున పేరుకున్న మడ్డి అలాగే ఉండిపోతుంది. పైగా డ్రెయిన్ బోల్టు మొనకు చాలాసార్లు చిన్న అయస్కాంతం ఉంటుంది, అది చెప్పే కబురు వినకుండా పోతాం.

కారు వాలితే మట్టం అబద్ధం చెబుతుంది

జాకీ మీద ఉన్న కారు కిందికి దూరకూడదని అందరికీ తెలుసు. స్టెప్నీ మార్చడానికి కారుతో వచ్చే జాకీ ఎత్తడానికే, మోయడానికి కాదు. స్టాండ్లు, లేదా గ్యారేజీ పిట్, లేదా ర్యాంప్ ఉండాలి. ఇంతవరకూ తగాదా లేదు.

తగాదా ఎన్ని స్టాండ్లు అనే దగ్గర. మా బావలాగా ముందువైపే ఎత్తితే ఏమవుతుందో చూద్దాం. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య 2.4 మీటర్లు, ముందువైపు 30 సెంటీమీటర్లు లేపారు. ప్రతి మీటరుకీ 12.5 సెంటీమీటర్ల వాలు వచ్చింది. గేర్ బాక్సు ముందు నుంచి వెనక్కి 30 సెంటీమీటర్లు ఉందనుకుంటే, ఒక చివరికీ ఇంకో చివరికీ ఆయిల్ మట్టంలో దాదాపు 4 సెంటీమీటర్ల తేడా. ఫిల్ రంధ్రం వెనక వైపు ఉంటే వాలు అటే కాబట్టి నిండకముందే పొర్లుతుంది, నిండిందనుకుని మూసేస్తాం. ముందు వైపు ఉంటే ఎక్కువ పట్టేస్తుంది. తక్కువైతే పళ్లు అరుగుతాయి, ఎక్కువైతే సీళ్ల దగ్గర కారుతుంది.

నాలుగు స్టాండ్లు ఉంటే ఈ గొడవ ఉండదు. రెండే ఉన్నవాళ్లు దించేటప్పుడు వాలుగా ఉంచి, దిగిన పాత ఆయిల్‌ని కొలపాత్రలో పోసి చూసుకుని, అంతే కొత్తది పోసేవాళ్లూ ఉన్నారు. పాతది సరైన మట్టంలోనే ఉండి ఉంటే ఇది తెలివైన పద్ధతే. ఎక్కడో కారి తగ్గి ఉంటే అదే తగ్గుదల మళ్లీ పోసినట్టవుతుంది.

డబ్బా మీది అంకెలు

ఆయిల్ గురించి ఇంకా పెద్ద గొడవ జీఎల్-4, జీఎల్-5 అనే రెండు గుర్తులది. పెద్ద అంకె అంటే మెరుగైనది అనుకోవడం సహజం. ఇక్కడ అలా కాదు. డిఫరెన్షియల్‌లో పళ్లు ఒకదాని మీద ఒకటి విపరీతమైన ఒత్తిడితో జారుతూ తిరుగుతాయి. ఆ ఒత్తిడికి తట్టుకోవడానికి గంధకం, భాస్వరం కలిసిన రసాయనాలు జీఎల్-5లో ఎక్కువ కలుపుతారు, జీఎల్-4కి సుమారు రెట్టింపు.

గేర్ బాక్సులో ఇంకో భాగం ఉంది, సింక్రో రింగ్. గేర్ మార్చేటప్పుడు గేర్ చక్రం వేగాన్నీ, దాని షాఫ్టు వేగాన్నీ రాపిడితో సమానం చేసేది అదే. చాలావాటిలో అది ఇత్తడిది. జీఎల్-5 వద్దనేవాళ్లు రెండు కారణాలు చెబుతారు. ఆ గంధకం రాగి కలిసిన లోహాలను తింటుందని ఒకటి, మరీ జారుడైతే రింగ్‌కి రాపిడి దొరక్క గేర్ గరగరమంటుందని రెండోది. అవతలివాళ్లు ఇప్పటి జీఎల్-5లలో లోహాన్ని కాపాడే పదార్థాలు కలుపుతున్నారు, మొదటి భయం పాతబడింది అంటారు. అందులో నిజముంది. రెండో కారణానికి మాత్రం అది జవాబు కాదు. రెండూ సరిపోతాయని ఒకే డబ్బా మీద రాసి అమ్మేవీ ఉన్నాయి, అవి రెండు అవసరాల మధ్య రాజీ. యజమాని పుస్తకంలో జీఎల్-4 అని ఉంటే ఈ చర్చ మొత్తం మనకు అనవసరం.

75డబ్ల్యూ-90లో 90 చూసి ఇంజిన్ ఆయిల్ 40 కంటే రెండు రెట్లు చిక్కన అనుకుంటారు. కొలమానాలే వేరు. గేర్ ఆయిల్ 90, ఇంజిన్ ఆయిల్ 40 లేదా 50 ఇంచుమించు ఒకే చిక్కదనం. హోండా పాత మాన్యువల్ బాక్సులకు 10డబ్ల్యూ-30 ఇంజిన్ ఆయిలే పోయమని పుస్తకంలో రాసి ఉండేది. మాన్యువల్ బాక్సులో ఆటోమేటిక్ ఆయిల్ పోయమనే కంపెనీలూ ఉన్నాయి. కాబట్టి చిక్కగా ఉంటేనే గేర్ ఆయిల్ అన్న షాపువాడి మాట ప్రతి కారుకూ వర్తించదు.

కొనాలా, లేబర్ ఇచ్చి వదిలేయాలా

హ్యాండ్ టూల్స్‌కి మన దేశంలో జలంధర్, లూధియానా పెట్టింది పేరు. సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో అడిగితే సెట్టు అక్కర్లేకుండా ఒక్క గోటీ, ఒక్క కీ విడిగా ఇస్తారు. ఈ పనికి అదే లాభం. నలభై ముక్కల సెట్టు కొన్నవాళ్లకు అందులో కావలసిన ముక్క ఒక్కటే లేకపోవడం నేను చాలాసార్లు చూశాను.

ఉదాహరణకు టార్క్ రెంచ్, స్టాండ్లు, పంపు, ఒక గోటీ కలిపి 6,000 రూపాయలు అయ్యాయనుకుందాం. బయట లేబర్ 600 అనుకుందాం. ఆయిల్ ఎలాగూ కొనాలి. అంటే పదిసార్లు మారిస్తే గానీ డబ్బులు తిరిగి రావు. 50,000 కిలోమీటర్లకోసారి మార్చే కారుకు అది 5 లక్షల కిలోమీటర్లు. ఒక్క గేర్ ఆయిల్ కోసమే అయితే లెక్క కుదరదు. అవే స్టాండ్లు, అదే రెంచ్ ఇంజిన్ ఆయిల్‌కీ బ్రేకులకీ వాడేవాళ్లకు కుదురుతుంది. చాలామందికి ఇది డబ్బు లెక్క కాదు, ఏ ఆయిల్ పోశారో, అసలు పోశారో లేదో అనే టెన్షన్ లేకుండా ఉండటం. ఆ లెక్క ఎవరిది వాళ్లు వేసుకోవాల్సిందే.

బావ కారు సంగతి

ఇంటికొచ్చి పనిచేసే మెకానిక్ ఒకతను సాయంత్రానికి దొరికాడు. అతని సంచిలో మెరిసేవి ఏమీ లేవు. బోల్టు చుట్టూ వైరు బ్రష్‌తో గీకాడు, తుప్పు వదిలించే స్ప్రే కొట్టి టీ తాగొచ్చాడు. ఆరు మూలల గోటీ పెట్టి సుత్తితో ఒకటి వేసి కూర్చోబెట్టాడు, పొడవాటి బార్ తగిలించి మెల్లగా ఒత్తాడు. టక్కుమంది. అంతా కలిపి టీతో సహా ఇరవై నిమిషాలు. అరిగిన బోల్టు మళ్లీ వాడకుండా కొత్తది తెప్పించాడు.

డ్రెయిన్ బోల్టు అయస్కాంతాన్ని వేలితో తుడిచి చూపించాడు. బూడిద రంగులో వెన్నలాంటి మడ్డి. అది మామూలు అరుగుదలే. వేలికి గుచ్చుకునే పెచ్చులుంటే పన్ను విరిగినట్టు. తర్వాత పళ్లెంలోని ఆయిల్‌ని టార్చి వెలుగులో అటూ ఇటూ వంచాడు. సన్నగా బంగారు మెరుపు కనిపించింది. ఇత్తడి పొడి, అయస్కాంతానికి అంటుకోదు, ఆయిల్‌లోనే తేలుతుంది. "రెండో గేర్ పడేటప్పుడు గరగరమంటోందా సార్?" అని అడిగాడు. బావ నా వైపు చూశాడు. ఆరు నెలలుగా అంటోందట, అందుకే ఆయిల్ మార్చాలనిపించిందట.

పాత ఆయిల్‌ని డబ్బాలో పోస్తుంటే పక్క సైటు మేస్త్రీ వచ్చి సెంట్రింగ్ రేకులకు రాయడానికి ఇవ్వమన్నాడు. వాచ్‌మన్ తలుపు గుమ్మానికి చెదలు పట్టిందని తనకు కావాలన్నాడు. వాడిన ఆయిల్ 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందికి వస్తుంది. 2024 ఏప్రిల్ నుంచి దాన్ని తిరిగి శుద్ధి చేయించే బాధ్యత ఆయిల్ తయారీ, దిగుమతి కంపెనీల మీద కూడా ఉంది. ఇద్దరికీ లేదని చెప్పి, మెకానిక్ తన పాత ఆయిల్ డ్రమ్ములో పోస్తానంటే బావ డబ్బా అతనికే ఇచ్చేశాడు. ఆ పన్నెండు మూలల గోటీ మాత్రం ఇంకా ఆయన డ్యాష్‌బోర్డు అరలోనే ఉంది.